మిషను పెట్టేశారుగా, ఇంకేం కావాలి!

పాపకి ఆపరేషన్ బాగా జరిగింది. చెవి వెనక కుట్లు మానుతున్నాయి, తలకి కట్టు విప్పారు, ఆటో దిగి గుమ్మంలో హారతి కూడా తీసుకున్నారు. సంతోషం. ఇప్పటిదాకా డాక్టర్లు చెప్పినట్టు నడుచుకున్నారు. వాళ్ళ పని అయిపోయింది, ఇక్కణ్ణుంచి మా పని. మేమంటే ఎవరా అని అడక్కండి. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టిన పిల్లలున్న ప్రతి ఇంటికీ వారానికోసారి వచ్చి, కాఫీ తాగి, ఒక సలహా పారేసి వెళ్ళేవాళ్ళం. మేనత్త తరఫు చుట్టం కావచ్చు, మెడికల్ షాపాయన కావచ్చు, మీ నాన్నగారితో కలిసి రిటైరైన హెడ్‌మాస్టారు కావచ్చు. మా అందరి అనుభవసారాన్నీ పోగుచేసి ఇక్కడ పెడుతున్నాను. తు.చ. తప్పకుండా పాటిస్తే, లక్షలు పోసిన పరికరం రెండేళ్ళలో బీరువా సొరుగులోకి చేరుతుంది. దానికి మాది పూచీ.

ముందు మూలసూత్రం పట్టుకోండి. ఆపరేషన్ అయిందంటే వైద్యం అయిపోయినట్టే. అపెండిక్స్ తీసేశాక మళ్ళీ ఎవరైనా ఆసుపత్రి చుట్టూ తిరుగుతారా? ఇదీ అంతే. చర్మం కింద ఒక చిన్న బిళ్ళ పెట్టారు. దాన్నుంచి లోపలి చెవిలోని నత్తగుల్లలోకి సన్నటి తీగ దూర్చారు. ఆ తీగ మీద కంపెనీని బట్టి 12, 16 లేదా 22 ఎలక్ట్రోడ్లుంటాయి. పైన చెవి మీద ప్రాసెసరు, దానికో కేబులు, కేబులు చివర అయస్కాంతంతో తలకి అతుక్కునే కాయిలు. బయటి సామాను పనిచెయ్యకపోతే లోపలి బిళ్ళ ఉన్నా లేనట్టేనని, దానికి సొంతంగా బ్యాటరీ కూడా ఉండదని డాక్టర్లు భయపెడతారు. పెడచెవిన పెట్టండి.

స్విచాన్ రోజుకి మంచి ముహూర్తం చూడండి. ఆపరేషనైన రెండు వారాల నుంచి నెలలోపు పిలుస్తారు. ఆ గదిలోకి తాతయ్య, నానమ్మ, ఇద్దరు మేనమామలు, ఫోన్ కెమెరా పైకెత్తి పట్టుకున్న బాబాయి, అందరూ వెళ్ళండి. యూట్యూబులో చూశారుగా, మిషను ఆన్ చెయ్యగానే పిల్లాడు కళ్ళు పెద్దవి చేసి అమ్మ వంక చూసి నవ్వుతాడు. మన పాప కూడా అలాగే నవ్వాలి. ఏడిచిందా, ఆపరేషన్ తప్పయింది. ఉలక్కుండా పలక్కుండా బొమ్మతో ఆడుకుంటూ కూర్చుందా, మిషను డొల్లది. పుట్టినప్పటి నుంచీ శబ్దం ఎరగని పిల్లకి తలలో ఏదో కొత్తగా మొదలైతే బెదురుతుందనీ, అది బయటి నుంచి వస్తోందని తెలియడానికే వారాలు పడుతుందనీ, మొదటి రోజు కావాలనే తక్కువ మోతాదులో పెడతారనీ మిషను ఆన్ చేసే ఆడియాలజిస్టు అమ్మాయి చెప్తుంది. చదువుకున్నవాళ్ళు అలాగే చెప్తారు.

వినికిడి వయసని మరో లెక్క కూడా చెప్తారు. మూడేళ్ళ పిల్లకి స్విచాన్ అయి ఆర్నెల్లయితే, ఆమె చెవికి ఆర్నెల్లేనట. ఆర్నెల్ల పిల్ల మాట్లాడుతుందా అని మనల్నే ఎదురు అడుగుతారు. ఒప్పుకోకండి. పక్కింటి మూడేళ్ళ పిల్లని పిలిపించి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి "అత్తా అనమ్మా, అత్తా అను" అని అడగండి. పక్కింటి పిల్ల అంటుంది. మన పిల్ల చూస్తుంది. వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఈ పరీక్ష ఒకసారి పెట్టి తీరాలి.

వినిపిస్తోందో లేదో తేల్చడానికి స్టీలు కంచం, గరిటె చాలు. పాప వెనక నిలబడి ఒక్కటివ్వండి. తిరిగిందా, పాస్. నేల అదిరినందుకు తిరిగిందో, గోడ మీద మీ నీడ కదిలినందుకు తిరిగిందో, ఎదురుగా ఉన్న అమ్మ కళ్ళు అటు పోయినందుకు తిరిగిందో మనకెందుకు? కంచం మోత వినపడటం వేరు, "పలక తీసుకురా" అంటే "పాలు తీసుకురా" కాదని తెలియడం వేరు అంటారు. అంత సూక్ష్మం మనకొద్దు.

థెరపిస్టు నేర్పే పద్ధతి చూస్తే మీకే నీరసం వస్తుంది. రోజూ పొద్దున్నే మిషను తగిలించగానే అమ్మ పాప పక్కన, మిషనున్న చెవి వైపు కూర్చోవాలి. పాప చేతిలో ఒక పూస, ముందర ఒక డబ్బా. అమ్మ పెదవులు కనపడకుండా, వరస మార్చి మార్చి, ఆరు ధ్వనులు పలకాలి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. పూసని చెవి దగ్గర పట్టుకుని కాచుకున్న పాప, వినపడినప్పుడల్లా దాన్ని డబ్బాలో వేస్తుంది. అమ్మ మధ్యలో ఊరికే ఆగితే పాప కూడా ఆగాలి. ఆగకుండా వేసిందంటే అది వినడం కాదు, అమ్మని మెప్పించడం. కొంచెం పెద్దయ్యాక పూస అక్కర్లేదు, విన్నది తిరిగి పలుకుతుంది. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష ఇది. మ్, ఊ కిందిస్థాయి ధ్వనులు. స్ అన్నిటికన్నా పైది. ఆరూ వినపడ్డాయంటే మాటల్లో ఉండే కిందా పైనా ధ్వనులన్నీ అందుతున్నట్టే. నిన్నటిదాకా స్‌కి పడిన పూస ఇవాళ పడలేదంటే, మైకు మూతకి మురికి పట్టిందో, మిషను సెట్టింగు, అంటే మ్యాపు, మార్చాలో అమ్మకి అనుమానమొస్తుంది. ఒక్క పూసా పడకపోతే కేబులు పోయిందో, బ్యాటరీ అయిపోయిందో కాఫీ చల్లారే లోపల తెలిసిపోతుంది. మూడేళ్ళ పిల్ల తనంతట తాను "అమ్మా, ఇది పనిచెయ్యట్లేదు" అని చెప్పలేదు. అందుకే ఈ పూసలాట.

మానెయ్యండి. దీనివల్ల బడికి ఆలస్యమవుతుంది. చచ్చిన కేబులుతో నెలరోజులు తిరిగినా చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? చెవి మీద మిషను ఉంటే చాలు, నిండుగా ఉంటుంది.

ఇక ఎంతసేపు పెట్టాలి అనే ప్రశ్న. మెలకువగా ఉన్నంతసేపూ అంటారు వాళ్ళు. మా లెక్క వేరు. అన్నం తినేటప్పుడు పప్పు అంటుతుంది, తీసెయ్యండి. ఆడుకునేటప్పుడు పడిపోతుంది, తీసెయ్యండి. పెళ్ళిలో ఫోటోకి బాగుండదు, తీసెయ్యండి. పేరంటంలో నలుగురి కళ్ళూ పడతాయి, దిష్టి. ఏడిస్తే మాత్రం ఆ క్షణమే తీసెయ్యండి. ఏడిస్తే తీస్తారని పాపకి రెండ్రోజుల్లో అర్థమవుతుంది. తర్వాత మీకు పనే ఉండదు, అంతా తనే చూసుకుంటుంది.

ఇందులో ఒక్కటే చిక్కు. ఈ ప్రాసెసర్లు చాడీలు చెప్తాయి. రోజుకి ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో, కాయిలు ఎన్నిసార్లు ఊడిందో లోపల రాసిపెట్టుకుంటాయి. మీరు "పొద్దుణ్ణుంచి రాత్రి పడుకునేదాకా పెడుతూనే ఉన్నామండీ" అంటూ ఉంటే, ఆడియాలజిస్టు అమ్మాయి దాన్ని కంప్యూటరుకి తగిలించి, ఏమీ అనకుండా తెర మీవైపు తిప్పుతుంది. రోజుకి సగటున రెండు గంటలు. అప్పుడు మా ఊళ్ళో కరెంటు ఉండదండీ, చార్జింగు పెట్టడం కుదరదు అనండి. బ్యాటరీ చార్జి చేసేది కాదు, పారేసేదే అయినా సరే, అలాగే అనండి.

తొందరపడకండి అన్నది కూడా మా సలహానే. మిషను ఇవాళ కాకపోతే వచ్చే సంవత్సరం పెట్టుకుంటుంది. మాటలు ఆలస్యంగా రావడం వంశంలోనే ఉంది, వాళ్ళ నాన్నకి నాలుగో ఏడు దాటాక వచ్చాయి. అనూ శర్మ అనే శాస్త్రవేత్త బృందం 2002లో ఒక పరిశోధన వెలువరించింది. పుట్టు చెవుడున్న పిల్లల మెదడు శబ్దానికి ఎలా స్పందిస్తోందో కొలిచారు. మూడున్నరేళ్ళలోపు ఇంప్లాంట్ పెట్టినవాళ్ళలో ఎక్కువమందికి ఆ స్పందన వయసుకి తగ్గట్టు వచ్చింది, ఏడేళ్ళు దాటాక పెట్టినవాళ్ళలో ఎక్కువమందికి రాలేదు. అయినా మీ మామగారి కన్నా ఆవిడకి ఎక్కువ తెలుసా?

జుట్టు సంగతి చెప్పకుండా ఈ సలహాలు పూర్తికావు. తిరుమలకో, యాదగిరిగుట్టకో, వేములవాడకో మొక్కు ఉండే ఉంటుంది. మొక్కు తీర్చుకోవడంలో తప్పేమీ లేదని డాక్టర్లే అంటారు. గాయం పూర్తిగా మానాక, వాళ్ళని ఒక మాట అడిగి, జాగ్రత్తగా చేయించమంటారు. మనకి జాగ్రత్త ఎందుకు? కుట్లు పచ్చిగా ఉండగానే కల్యాణకట్టకి తీసుకెళ్ళండి. చెవి వెనక బిళ్ళ ఉంది, అక్కడ కత్తి మెల్లగా పోనియ్యి నాయనా అని చెప్పడానికి నోరు పెగలనివ్వకండి. ఒక చిన్న గాటు పడి, అందులో చీము చేరితే, ఆ చీముకీ లోపలి పరికరానికీ మధ్య ఉన్నది పల్చటి చర్మం మాత్రమే.

అసలు తమాషా గుండు తర్వాత. కాయిల్లోని అయస్కాంతం బలం చర్మం మందాన్నీ, జుట్టు ఒత్తునీ చూసి ఎంచుతారు. నిన్నటిదాకా ఒత్తైన జుట్టు మీద సరిగ్గా నిలిచిన అయస్కాంతం ఇవాళ నున్నటి గుండు మీద మరీ గట్టిగా పట్టేస్తుంది. కొద్దిరోజుల్లో కాయిలు కింద రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడుతుంది. అలాగే వదిలేస్తే అది పుండవుతుంది, పుండు లోతుకి దిగితే లోపలి పరికరం బయటపడుతుంది, దాన్ని తీసి మళ్ళీ పెట్టాల్సి వస్తుంది. రాత్రి కాయిలు తీసినప్పుడు ఆ చోట ఒక్కసారి వేలితో తడిమి చూసుకోండి, ఎర్రగా ఉంటే అయస్కాంతం బలం తగ్గిస్తాం, తక్కువ నంబరుది ఇస్తాం అంటారు ఆసుపత్రివాళ్ళు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మీరు మాత్రం పసుపు రాయండి. పసుపు కింద ఎరుపు కనపడదు.

చెవి కారితే వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యండి. మామూలు పిల్లలకే చెవిలో నూనె వద్దంటారు, ఇంప్లాంట్ ఉన్న చెవికి చీము పడితే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించమంటారు. వాళ్ళకి మన పెద్దల వైద్యమంటే చులకన.

తేమ గురించి క్లుప్తంగా. విజయవాడ ఉక్కపోతలో, కాకినాడ సముద్రపు గాలిలో చెమట ఎక్కడికి పోతుంది? ప్రాసెసర్లోకే. రాత్రిపూట దాన్ని సిలికా జెల్ పూసలున్న డ్రై బాక్సులో పెట్టమని, పూసల రంగు మారితే అవి మార్చమని చెప్తారు. మీరు పిట్టగోడ మీద ఎండబెట్టండి. కాకి ఎత్తుకుపోతే ప్రభుత్వం ఇంకోటి ఇస్తుంది. వాడేసిన గుండీ బ్యాటరీలని పిల్లలకి అందేలా ఒక గిన్నెలో పోగెయ్యండి. మింగితే కంగారెందుకు, అరటిపండు పెట్టి పడుకోబెడితే రేపు అదే వచ్చేస్తుంది. అన్నవాహికలో ఇరుక్కున్న గుండీ బ్యాటరీ రెండు గంటల్లోనే లోపలి గోడని కాల్చడం మొదలుపెట్టగలదు, అందుకే నిమిషాల మీద ఆసుపత్రికి పరిగెత్తమంటారు.

మ్యాపింగుకి వెళ్ళడం శుద్ధ దండగ. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నానికో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో రాత్రి బస్సెక్కి, ఒకరోజు కూలి వదులుకుని వెళ్తే వాళ్ళు చేసేదేమిటి? పిల్ల ముందు బొమ్మలు పెట్టి కంప్యూటర్లో గీతలు పైకీ కిందకీ జరుపుతారు. ఒక్కో ఎలక్ట్రోడుకీ ఎంత కరెంటు ఇస్తే చిన్నగా వినపడుతుంది, ఎంత ఇస్తే హాయిగా ఉంటూనే గట్టిగా వినపడుతుంది అని రెండు హద్దులు పెడతారు. మొదటి నెలల్లో ఆ హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి తొలి ఏడాది పలుసార్లు, తర్వాత కనీసం ఏడాదికొకసారి రమ్మంటారు. వెళ్ళకండి. స్విచాన్ నాటి మ్యాపుతోనే పదో తరగతి పాసవ్వాలి. ఒకవేళ వెళ్ళారా, "ఫుల్లు సౌండు పెట్టెయ్యండి మేడమ్" అని పట్టుబట్టండి. సౌండు పెరిగితే మాటలు స్పష్టంగా వస్తాయని రేడియో కాలం నుంచీ మన నమ్మకం. సౌండు ఎక్కువైతే పిల్ల మిషను పీకి పారేస్తుంది, దానికీ పిల్లదే తప్పు.

మిషను పెట్టగానే పాప కన్నో, పెదవి కొసో టపటపా అదురుతోందా? వెంటనే పంచాంగం తియ్యండి. మగపిల్లాడికి కుడికన్ను, ఆడపిల్లకి ఎడమకన్ను అదిరితే శుభం. శకునం బాగుంటే అలాగే ఉంచండి. ముఖంలోని కండరాలని కదిలించే నరం లోపలి చెవి పక్కనుంచే పోతుంది. ఏదో ఒక ఎలక్ట్రోడు నుంచి కరెంటు దాన్ని తాకితే ముఖం అలా అదురుతుందని, మ్యాపింగులో ఆ ఒక్క ఎలక్ట్రోడుని తగ్గించినా, ఆపేసినా సరిపోతుందని పంచాంగంలో రాసి ఉండదు.

నిన్నటిదాకా ఇష్టంగా పెట్టుకున్న పాప ఇవాళ హఠాత్తుగా వద్దంటోంది. వచ్చిన మాటలు కూడా తగ్గుతున్నాయి. పొగరు. రెండు తగిలించండి. చెప్పుకోలేని పిల్ల ఇంకెలా చెప్తుందండీ అని ఆడియాలజిస్టు అంటుంది. ముందు కేబులూ కాయిలూ మార్చి చూస్తారు, ఆ తర్వాత లోపలి పరికరాన్ని కంప్యూటరు ద్వారా పరీక్షిస్తారు. ఒక్కోసారి పరీక్షల్లో అంతా బాగానే కనిపించినా లోపలిది చెడిపోతూ ఉండొచ్చు, అప్పుడు పిల్ల ప్రవర్తనే మొదటి ఆధారం. పిల్లలు పడతారు, తలకి దెబ్బలు తగులుతాయి, అందుకని పెద్దవాళ్ళకన్నా వాళ్ళలోనే లోపలి పరికరం మార్చాల్సిన అవసరం ఎక్కువ. కొన్నిసార్లు దెబ్బా అక్కర్లేదు. 2011 సెప్టెంబరులో కాక్లియర్ కంపెనీ తన సీఐ500 శ్రేణిలో వాడని పరికరాలన్నిటినీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, ఊహించిన దానికన్నా ఎక్కువ పరికరాలు ఆగిపోయాయి కాబట్టి. అంత పెద్ద కంపెనీ ఒప్పుకున్నాక కూడా మన ఇళ్ళలో ఒప్పుకోరు. "నువ్వే ఎక్కడో పడేసి ఉంటావు" అని కోడల్ని అనడమే ఇక్కడి నిర్ధారణ పరీక్ష.

పిల్ల పెరిగితే లోపలిది చిన్నదైపోతుంది, ఎలాగూ మార్చాలి, ఇప్పుడెందుకు జాగ్రత్త అని మరో మేధావి అంటాడు. ఆయన్నీ గౌరవించండి. నత్తగుల్ల పుట్టుకతోనే పెద్దవాళ్ళకున్నంత సైజులో ఉంటుంది, జీవితంలో మరి పెరగదు. పుర్రె పెరుగుతుంది కాబట్టి తీగని కాస్త వదులుగా ఉంచుతారు. చెప్పులు మార్చినట్టు వయసుకొక ఇంప్లాంట్ మార్చడమంటూ ఉండదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, థెరపీ. మాటలు నేర్పడం మిషను పని. దాన్ని కొన్నది అందుకే కదా. కాబట్టి పాప చెవికి మిషను, చేతికి ఫోను ఇచ్చి కార్టూన్లు పెట్టెయ్యండి. అమ్మ పప్పు కడుగుతూ "ఇదిగో కందిపప్పు, నీళ్ళు పోస్తున్నా, చూడు నురగ వచ్చింది, వంపేస్తున్నా" అని రోజంతా చెవినిల్లు కట్టుకుని మాట్లాడుతూ ఉంటే ఇరుగుపొరుగు పిచ్చిదంటారు. ఆ పిచ్చి పేరే ఆడిటరీ వెర్బల్ థెరపీ. థెరపిస్టు వారానికి ఒకటి రెండు గంటలు కూర్చుంటుంది, అది కూడా పాపకన్నా అమ్మకి నేర్పడానికి. మిగతా గంటలన్నీ ఇంట్లోవే.

ఏ భాషలో మాట్లాడాలి? ఇంగ్లీషులోనే. మిషను ఆస్ట్రేలియానో, ఆస్ట్రియానో, అమెరికానో కాబట్టి దానికి తెలుగు అర్థంకాదు. నానమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అనాలి. ఆవిడకి వచ్చిన సామెతలూ, బుజ్జగింపులూ, కాకి కథా, కోతి కథా పిల్ల చెవిన పడకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు తడుముకోకుండా మాట్లాడేది ఏ భాషో, పిల్లకి ఆ భాషలోనే మాటలు పుష్కలంగా దొరుకుతాయి. అలా దొరికితే మన సలహాకి విలువేముంది?

ప్రభుత్వం విషయంలో మేము నిజంగానే గర్వపడతాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, అంత ఖరీదైన ఆపరేషన్ని కూలి చేసుకునే ఇళ్ళ పిల్లలకి కూడా అందించింది. ఆపరేషన్‌తో పాటు తొలి ఏడాది థెరపీనీ చేర్చింది. కేంద్రానిది ఏడిప్ పథకం వేరే ఉంది. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఏడాది తర్వాత పిల్లకి వినికిడి వయసు ఒకటి. అప్పటినుంచి కేబుళ్ళూ, బ్యాటరీలూ, కాయిళ్ళూ, కొన్నేళ్ళకి వారంటీ అయిపోయిన ప్రాసెసరూ చాలా ఇళ్ళలో సొంత డబ్బే. కొత్త ప్రాసెసరంటే మళ్ళీ లక్షల మాట. ఎంతమందికి ఆపరేషన్ చేశామో పేపర్లో వస్తుంది. ఐదేళ్ళ తర్వాత ఎంతమంది పిల్లల చెవి మీద మిషను ఉందో మాత్రం ఎవరూ ఫోటో దిగరు. కాబట్టి మీరు వారంటీ కార్డు పారేసుకోండి, బయటి ప్రాసెసరుకి బీమా చేయించకండి, ఎప్పుడు అవసరమొస్తుందో ముందే లెక్కేసి నెలకింత పక్కన పెట్టకండి. సదరం సర్టిఫికెట్టు కూడా చించెయ్యండి, మిషను పెట్టాక వైకల్యం ఎక్కడిది? రాత్రి మిషను తీసి పడుకున్న పిల్లకి పిడుగు పడినా వినపడదన్నది మరిచిపోండి.

బడిలో చివరి బెంచీ బాగుంటుంది, ఎవరి కంటా పడదు. ఫ్యాను చప్పుడు పైన, అరవైమంది గోల ముందు. మాస్టారు బోర్డు వైపు తిరిగి చెప్పే పాఠం ఆ గోలలోంచి ఏరుకోవడం పిల్ల పని. మిషను ఉండి కూడా మాటలు ఆశించినంత రాని పిల్లలు కొందరుంటారు. కారణాలు చాలా, అందరివీ అమ్మ తప్పులు కావు. అలాంటి పిల్ల చేతులతో సైగ చేస్తే కొట్టి ఆపండి. ఏదో ఒక భాషలో మనసులో మాట చెప్పుకోనిస్తే అలవాటైపోతుంది.

ఇంప్లాంట్ కార్డుని ఫైల్లో అడుగున పడెయ్యండి. రేపు ఏ యాక్సిడెంటులోనో ఎమ్మారై తియ్యాల్సొస్తే, తలలో అయస్కాంతం ఉందన్న మాట గదిలోకి వెళ్ళాక గుర్తుచేసుకోవచ్చు. కొన్ని మోడళ్ళకి ముందు అయస్కాంతం తియ్యాలి, కొన్నిటికి గట్టి కట్టు కట్టాలి, కొత్తవి కొన్ని అలాగే తట్టుకుంటాయి. ఏది ఏదో చెప్పేది ఆ కార్డే. టాన్సిల్స్ ఆపరేషన్ చేసే డాక్టరుకి కూడా చెప్పకండి. తల, మెడ దగ్గర రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరాల్లో ఒక రకం, మోనోపోలార్ కాటరీ, ఇంప్లాంట్‌ని పాడుచెయ్యగలదు.

ఇక మిగిలింది టీకాలు, జ్వరం. ఇక్కడ మా సలహాలు ఆపేస్తున్నాను, ఎందుకంటే దీన్ని ఎవరైనా నిజమని పాటిస్తే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

2002లో అమెరికాలో, యూరప్‌లో ఇంప్లాంట్ ఉన్న పిల్లల్లో మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, కేసులు బయటపడ్డాయి. తీగతో పాటు లోపల అదనపు ముక్క ఒకటి అమర్చే మోడలుని ఆ ఏడాదే వాడకం నుంచి తప్పించారు. తర్వాత 2003లో వచ్చిన అమెరికా అధ్యయనం, ఆరేళ్ళలోపు ఇంప్లాంట్ పెట్టిన 4,264 మంది పిల్లల్ని పరిశీలించి, వాళ్ళలో 26 మందికి బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ సోకిందని చెప్పింది. న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేది ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఉండేదానికి ముప్ఫై రెట్లకు పైగా కనిపించింది. ఆ మోడలు లేకపోయినా ముప్పు సున్నా కాదు, ఆపరేషనైన ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. లోపలి చెవి పుట్టుకతో వంకరగా ఏర్పడిన పిల్లల్లో ఇంకా ఎక్కువ.

న్యూమోకాకల్ కాంజుగేట్ టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి 2017 నుంచి దశలవారీగా వచ్చింది, 2021 నుంచి దేశమంతా ఉచితంగా వేస్తున్నారు: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి రెండేళ్ళు నిండాక 23 రకాల న్యూమోకాకస్‌కి రక్షణనిచ్చే మరో టీకా కూడా వెయ్యాలి. అది ఉచిత జాబితాలో లేదు, డాక్టరుని అడిగి వేయించుకోవాలి. కార్డు తీసి, ఆ గడి నిండిందో లేదో ఇవాళే చూడండి. ఇంప్లాంట్ ఉన్న పిల్లకి జ్వరంతో పాటు వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మగతగా ఉండటం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, చూసిన మొదటి డాక్టరుకి, ఆయన అడగకపోయినా, పిల్లకి కాక్లియర్ ఇంప్లాంట్ ఉందని చెప్పండి.